కుళాయి సారు, నా మున్సిపాలిటీ ఉద్యోగం

మన స్కూలు బ్యాచ్ మళ్లీ కలిసే రోజుకు వేస్తున్న సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ తరఫున మన రేడియోగాడు వదలకుండా ఫోన్లు చేస్తున్నాడు. "కర్నూలు మున్సిపాలిటీలో అంత సర్వీసు చేసినావు, దాని గురించే రాయప్పా" అన్నాడు. సరే అని కూర్చుంటే నా సర్వీసు కంటే ముందు మనకు సివిక్స్ చెప్పిన కుళాయి సారే గుర్తొస్తున్నారు.

మన 1976 బ్యాచ్‌లో ఆయన్ని మరిచిపోయినవాళ్లు ఉంటారనుకోను. అటెండెన్స్ కాగానే "బుధవారపేటలో నీళ్లొచ్చినాయా? జోహరాపురంలో?" అని వీధివీధీ అడగడం, బొద్దింక లేచి "మాకు బావి ఉంది సార్" అనడం, ఇక క్లాసంతా గోల. సివిక్స్‌లో మున్సిపాలిటీ పాఠం నాలుగు పేజీలు కూడా ఉండదు, సారు దాన్ని నెలంతా చెప్పారు. 1953 అక్టోబరు 1న మన ఊరు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయితే ఆఫీసులు గుడారాల్లో నడిచాయని అందరూ చెప్తారు కదా, ఆయన మాత్రం ఆ గుడారాల్లోవాళ్లకు నీళ్లు ఎవరు మోసినారు, చెత్త ఎవరు ఎత్తినారు అని అడిగేవారు. మూడేళ్లకు రాజధాని హైదరాబాదుకు పోయింది, చెత్త ఎత్తేవాళ్లు ఇక్కడే ఉన్నారురా అనేవారు.

ఊరి నీళ్లు శుద్ధిచేసే ఫిల్టర్ హౌసుకు సారు మనల్ని తీసుకుపోయిన రోజు మీకు లడ్డూగాడు జారిపడ్డమే గుర్తుంటుంది. నాకు ఆ గాజు గొట్టం గుర్తుంది. అక్కడి ఉద్యోగి దాంట్లో కుళాయి నీళ్లు పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసి ఊపితే నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగాయి. క్లోరిన్ ఉంటేనే ఆ రంగు వస్తుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతాయి. సారు గొట్టాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని మా అందరికీ చూపించి, "ఈ రంగు చూడ్డానికి ఒక మనిషికి జీతం ఇస్తారు, అంత పెద్ద పని ఇది" అన్నారు. నా బతుకు అక్కడే ఖాయమైపోయిందని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాతి కాలేజీ రోజులు వదిలేయండి. శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సు చేశాను, మా నాయనకు ఇష్టం లేకపోయినా ఉద్యోగంలో చేరాను. తెల్లవారకముందే మస్టరు (పనివాళ్ల హాజరు), మేస్త్రీలు, కాలువలు, సున్నం, బ్లీచింగ్ పౌడరు. 1994లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది, నా మస్టరు టైము మాత్రం మారలేదు.

2009 అక్టోబరు 2 గురించి మన ఊరివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ, శ్రీశైలం నిండి వెనక్కి తన్నిన నీళ్లు, అన్నీ కలిసి పాతబస్తీ మీద పడ్డాయి. నీళ్లు తీశాక అసలు పని మొదలైంది. ఇళ్లలో బురద, చచ్చిన పశువులు, తడిసి కుళ్లిన బియ్యం, ఆ వాసనకు కొత్త కుర్రాళ్లు అన్నం ముట్టలేకపోయేవాళ్లు. వేరే ఊళ్ల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు లేకపోతే మా వల్ల అయ్యేది కాదు, వాళ్లకు ఈ ఊరు ఎంత చేసినా తక్కువే. నా చేతిలో క్లోరోస్కోపు పెట్టె, అదే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూసేది. మామూలు రోజుల్లో చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటే చాలు, వరదలప్పుడు 0.5 ఉండాలి. రంగు రాని ట్యాంకరును జనం బిందెలతో నిలబడి తిడుతున్నా వెనక్కి పంపించాను.

ఆ తిరుగుళ్లలోనే సారు ఇల్లు తగిలింది. పుస్తకాలన్నీ మిద్దె మీద ఆరబెట్టి కూర్చున్నారు. మా మనుషులతో బురద ఎత్తిస్తానంటే ఒప్పుకోలేదు. "మిద్దె ఉండేవాణ్ణి నేను బతికినాను, వెనక సందులో రేకుల ఇళ్లున్నాయి, ముందు అక్కడ చూసి రాపో" అన్నారు. పోయాను. సాయంత్రానికి తిరిగొచ్చేసరికి సారు, మేడమ్ ఇద్దరూ చేటలతో బురద ఎత్తుకుంటున్నారు. ఆ తర్వాత నేను తిరిగిన సందుల్లో ఒక్క కలరా కేసు రాలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను, సారుకు చెప్పినప్పుడు కూడా గర్వంగానే చెప్పాను.

2020లో కరోనా రోజుల్లోనే రిటైరయ్యాను, హైపోక్లోరైట్ చల్లించుకుంటూ. సన్మానం లాంటివి లేవు, ఆ పరిస్థితుల్లో నేనూ కోరుకోలేదు. మా అమ్మాయి ఇప్పుడు నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తోంది, నీ గొట్టాల కాలం పోయింది నాయనా అంటుంది.

పాత క్లోరోస్కోపు పెట్టె ఒకటి నా సొంతానిది ఇంట్లోనే ఉంది. కలిసే రోజు పట్టుకొస్తాను. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు మీ కుళాయి నీళ్లు ఒక్కో సీసా తెండి. బొద్దింకా, నువ్వు బావి నీళ్లే తే.