సీటు బోల్టులో గుండు నిలవట్లేదు: లక్కతో నాలుగో ప్రయత్నం

మళ్ళీ ఊడింది. దొంగలు అలెన్ కీ (ఆరు పలకల పానా) దూర్చకుండా, సీటు కింద క్లాంపు బోల్టు తల గుంటలో లక్క పోసి కూర్చిన సైకిల్ గుండు (బేరింగులో ఉండే ఉక్కు గుండు) తొమ్మిది రోజులు, సుమారు 140 కిలోమీటర్లు ఓర్చుకుంది. పదో రోజు చూస్తే సగం బయటికొచ్చి వేలాడుతోంది. గోటితో మీటగానే లక్కతో సహా చేతిలో పడింది. అలెన్ కీ ఉన్న ఎవడికైనా ఆ సీటు అర నిమిషం పని.

సీటు పైపును ఫ్రేముకి బిగించే ఎం6 (6 మి.మీ. మందం) బోల్టు మాత్రం ఇదే పద్ధతిలో ఏడు వారాలుగా కదల్లేదు. సీటు పట్టాల నుంచి వెనక ఫ్రేముకి పాత చైను ముక్క, 36 లింకులు, ట్యూబు తొడిగి బిగించాను, బాగుంది. చక్రాలు చేత్తోనే ఊడదీయగలిగే క్విక్ రిలీజులు రెండూ తీసేసి, అలెన్ కీతో బిగించే స్క్యూయర్లు (ఇరుసు కడ్డీలు) వేశాను. ఇక మిగిలిన తలనొప్పంతా సీటు కింది ఈ ఒక్క ఎం8 బోల్టే.

అసలు తిరకాసు కొలతల్లో ఉంది. అలెన్ గుంటలు మిల్లీమీటర్లలో, సైకిల్ గుండ్లు అంగుళాల్లో. ఎం6 బోల్టు గుంట 5 మి.మీ., 3/16 గుండు 4.76 మి.మీ., దాదాపు సరిపోయినట్టే. ఎం8 గుంట 6 మి.మీ. దీనికి పావు అంగుళం గుండు 6.35, దూరదు. 3/16 వేస్తే చుట్టూ 0.62 మి.మీ. సందు, ఆరు మూలల్లో ఒక మి.మీ. పైనే. అంటే ఇక్కడ గుండు ఉత్త పూరకమే, భారమంతా అంటు పదార్థం మీదే. పైగా ఈ బోల్టు తల నేలవైపు చూస్తుంది, కాబట్టి పట్టు వదిలితే గుండు నేరుగా రోడ్డు మీదే.

మొదటిసారి కొవ్వొత్తి మైనం. మే నెల మధ్యాహ్నం రెండింటికి, కాంక్రీటు నేల మీద ఆరుబయట పెట్టిన సైకిలు క్లాంపు దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు 51 డిగ్రీలు చూపించింది. సీటు నీడలో ఉండి కూడా అంత. మైనం కరగలేదు గానీ వెన్నలా మెత్తబడింది. గుండు కింద మిగిలిపోయిన గాలి మీద కూడా నాకు అనుమానం ఉంది. 30 నుంచి 51 డిగ్రీలకు వేడెక్కితే ఆ గాలి ఒత్తిడి ఏడు శాతం పెరుగుతుంది. గుంట వైశాల్యానికి లెక్క కడితే ఇరవై గ్రాముల పైచిలుకు తోపు. గుండు బరువు అర గ్రాము కూడా లేదు. రెండోసారి తేనెటీగల మైనం వాడాను, అది 62 డిగ్రీల దాకా కరగదు. రెండు వారాలు నిలిచి, అదే దారి పట్టింది.

మూడోసారి సూపర్ గ్లూ. నిలవడం నిలిచింది, కానీ సీటు వాలు సర్దుదామంటే రాదే! దాన్ని కరిగించే అసిటోను గుండు పక్క నుంచి కిందికి దిగదు, దిగినా లోపల తుప్పు పట్టి కూర్చుంది. సుత్తి దెబ్బలకి పగిలిపోయే గుణం మాత్రం దొంగకే లాభం. సొంతదారుడికి రాకుండా, దొంగకి ఊడే జిగురు దేనికి?

అందుకే లక్క. ఏటికొప్పాక బొమ్మలకి అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రాపిడి వేడితో రుద్దేది ఇదే. 70 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, ఎండకి చెక్కు చెదరదు, తీయాలంటే సోల్డరింగ్ ఐరన్ తాకించి అయస్కాంతం పెడితే గుండు బయటికి వస్తుంది. మిగిలిన లక్క స్పిరిట్లో కరుగుతుంది. కంసాలి పని సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది, పది గ్రాములు ఎన్నో బోల్టులకి వస్తుంది.

మరి ఎందుకు ఊడింది? ఊడిన దిమ్మెను చూస్తే కొంత అర్థమైంది. ఆరు పలకలూ అద్దంలా నున్నగా ఉన్నాయి. లక్క మధ్యలో విరిగి ఉంటే గరుకుగా ఉండాలి. అంటే ఉక్కుకి అసలు అంటనే లేదు. కారణాలు రెండని నా ఊహ. ఒకటి, సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా బోల్టు మీద కొట్టిన డబ్ల్యూడీ-40 అనే నూనె స్ప్రే. సందుల్లోకి పాకడమే దాని పని, గుంటలోకి పాకింది. ఉప్పుకి మందు వేస్తే లక్క పట్టదు, వేయకపోతే బోల్టు పాడవుతుంది. రెండోది, వేడి చాలకపోవడం. 25 వాట్ల ఐరన్ గుంటలో మూడు నిమిషాలు ఉంచినా తల 48 డిగ్రీలే. చుట్టూ ఉన్న అల్యూమినియం క్లాంపు, పైపు వేడంతా లాగేస్తున్నాయి. చిన్న ఎం6 బోల్టుకి సరిపోయింది దీనికి చాలలేదు. చల్లని ఉక్కు మీద పోసిన లక్క తాకీ తాకగానే గట్టిపడింది, అంటుకోలేదు.

ఈసారి మార్చినవి: ముందు గుంటను అసిటోనులో ముంచిన దూదితో మూడుసార్లు తుడవడం, ఇన్సులిన్ సిరంజి సూదితో అడుగు దాకా. తర్వాత 60 వాట్ల ఐరన్, నాలుగు నిమిషాలు, 83 డిగ్రీలు. సైకిలు తలకిందులు పెట్టి, గుంటలో సగానికి లక్క పోశాక గుండును అందులోకి నొక్కాలి. అప్పుడు కింద గాలి మిగలదు. పైకి పొంగింది చల్లారాక బ్లేడుతో గీకి, ఆ తర్వాతే బయటి వైపు గ్రీజు. కార్బన్ ఫైబర్ సీటు పైపు ఉన్నవాళ్ళు ఈ వేడి జోలికి పోవద్దు. హ్యాండిల్ స్టెమ్ బోల్టుల్లో కూడా వద్దు, వాటిని అప్పుడప్పుడూ బిగించి చూసుకోవాలి.

ఆరు రోజులైంది, ఇంకా ఉంది. నమ్మకం మాత్రం లేదు.

బోల్టు గుంటను మూసే హెక్స్‌లాక్స్ అనే చిన్న తాళం కొనేయొచ్చు కదా అంటారు. మంచి ఆలోచనే, కానీ అది అయస్కాంతం మీద నిలుస్తుంది. బీచ్ రోడ్డు దగ్గర ఉండేవాళ్ళు స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తారు, ఏ2, ఏ4 రకాలకి అది సరిగా అంటదు. దానికోసం మళ్ళీ మామూలు ఉక్కు బోల్టు వేస్తే తుప్పు సంగతి మొదటికొస్తుంది. చక్రాలకైతే అబస్ కంపెనీ తాళపు నట్టు, నట్‌ఫిక్స్, నాకు నచ్చింది: సైకిలు పక్కకి పడుకోబెడితే గానీ నట్టు ఊడదు, తాళం వేసి నిలబెట్టిన సైకిలుని పడుకోబెట్టలేరు. ధరే మింగుడు పడదు.

లక్క మళ్ళీ ఊడితే రెండు దారులు. 7/32 గుండు, అంటే 5.56 మి.మీ., బేరింగుల దుకాణాల్లో వెతకాలి, సందు 0.22కి తగ్గుతుంది. లేదా పాత 6 మి.మీ. అలెన్ కీ నుంచి నాలుగు మి.మీ. ముక్క కోసి దిగ్గొట్టడం. హ్యాక్సా బ్లేడు దాన్ని గీయలేదు, గ్రైండర్ కావాలి, పైగా అంత బిగుతైన ముక్క చుట్టూ లక్కకి చోటెక్కడ? మూలలు కాస్త అరగదీసి చూడాలి. ఆదివారం గ్రైండర్ అద్దెకి తెస్తున్నాను.