రంగం ఫైళ్లలో మా తాత కోసం

మా తాత బర్మాలోని రంగూన్ రేవులో మూటలు మోశాడు. మావైపు రంగూన్ అనరు, రంగం అంటారు. జపాన్ యుద్ధం మీదికి రావడంతో 1942 జనవరిలో నాయనమ్మనీ, చంటిబిడ్డగా ఉన్న మా నాన్ననీ ఓడెక్కించి తను ఆగిపోయాడు. నాలుగు నెలల తర్వాత ఎముకల గూడులా నడిచొచ్చాడు. "టికెట్టు ఇవ్వలేదే" అని ఎంత చెప్పినా నాయనమ్మ నమ్మలేదట. ఆవిడ చివరిదాకా ఆ మాట ఎత్తుతూనే ఉండేది.

నిజమేమిటో తెలుసుకుందామని పాత ప్రభుత్వ కాగితాలు దాచే జాతీయ అభిలేఖాగారం వారి వెబ్‌సైటు 'అభిలేఖ్ పటల్'లో వెతకడం మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు. మొదటి రెండు వారాలూ 'తెలుగు', 'ఆంధ్ర' అని కొడుతూ కూర్చున్నాను. అది నా పొరపాటు. ఆ కాగితాల్లో మనవాళ్లు 'కోరింఘీ'లు. కోరంగి రేవు నుంచి ఓడెక్కినందుకు పడ్డ పేరు. లేదంటే 'మద్రాసీ కూలీ'.

రెండో చిక్కు, ఏ కాగితం ఏ ప్రభుత్వ శాఖ కింద ఉందన్నది. 1937 ఏప్రిల్ 1న బర్మా మన దేశం నుంచి విడిపోయి వేరే వలస రాజ్యమైంది. అంతకుముందు అది మన రాష్ట్రాల్లో ఒకటి. 1930 మే అల్లర్లప్పుడు రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే బర్మీయుల్ని పనిలోకి తెచ్చారు. సమ్మె ముగియగానే వాళ్లని తీసేశారు. మే 26న నెత్తురు పారింది, వందమందికి పైగా పోయారు. అప్పటి కాగితాలు హోం శాఖ కింద ఉంటాయి. విడిపోయాక భారత ప్రభుత్వం అక్కడి మనవాళ్ల బాగోగులు చూడ్డానికి రంగూన్‌లో ఒక ఏజెంటును పెట్టింది. 1938 జూలై అల్లర్ల నాటివి విద్య, ఆరోగ్య, భూముల శాఖలో 'ఓవర్సీస్' కింద చూడాలి. 1941 నుంచి ప్రవాస భారతీయులకు వేరే శాఖే వచ్చింది. ఇది తెలిశాక దారి దొరికింది.

ఆన్‌లైన్‌లో లేనివాటి కోసం ఢిల్లీ వెళ్లి నాలుగు రోజులు పెన్సిలుతో రాసుకున్నాను. యుద్ధం నాటి ఏజెంటు హచింగ్స్. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక జనం ఎలా పోతున్నారో వరసగా చదువుతుంటే చెయ్యి ఆగిపోయేది. ప్రోమ్ దాకా వెళ్లి, ఐరావతి దాటి, టౌంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి. దారి పొడుగునా కలరా. అక్కణ్నుంచి అక్యాబ్, చిట్టగాంగ్. వేలకు వేలు లెక్కలున్నాయి, పేర్లు లేవు. తెల్లవాళ్ల పేర్లు మాత్రం అక్కడక్కడా ఉన్నాయి. అది చూస్తే కడుపు మండింది.

మూడో రోజు మధ్యాహ్నం దొరికింది. 1942 జనవరిలో మగ కూలీలకు డెక్కు టికెట్లు, అంటే ఓడ పైతట్టు మీద వెళ్లే చవక టికెట్లు, ఆపేశారు. రేవు పని, ఊరి పని నిలిచిపోకూడదట. ఆడవాళ్లనీ పిల్లల్నీ ఎక్కనిచ్చారు. ఆ నగరం మార్చి 8న జపాన్ చేతిలో పడింది. అప్పటికే తాతలాంటివాళ్లకి ఓడ దారి మూసుకుపోయింది.

ఇంటికొచ్చి నాన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు.

"అమ్మకి ఈ ముక్క తెలియకుండానే పోయిందిరా" అన్నాడు.