హనుమకొండలో రెండు నెలలకు ఇల్లు కావాలంటే

నాన్నకు మోకాలి ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ కోసం హనుమకొండలో రెండు నెలలు ఉండాల్సి వచ్చింది. నక్కలగుట్ట, సుబేదారి, ఎటు చూసినా టులెట్ బోర్డులే గానీ, రెండు నెలలకే అనగానే ఓనర్ల ముఖం మారిపోతుంది. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ అడ్వాన్సు ఏడాది ఉండేవాళ్ల లెక్కన అడిగి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల కిరాయి పట్టుకుంటామనడం మాత్రం అన్యాయం, ఈ సంగతి ముందే తేల్చుకుని కాగితం మీద రాయించుకోవాలి.

పదకొండు నెలల అగ్రిమెంటు తప్పదని కొందరు టెన్షన్ పెడతారు. 11 నెలలకు రాసుకోవడం అలవాటైంది, అంతే. రెండు నెలలకూ రాసుకోవచ్చు.

నయీంనగర్ వైపు చూస్తే అక్కడి నాలా (పెద్ద మురుగు కాలువ) ఎంత దూరమో అడగండి. 2020లో, 2023లో ఆ చుట్టుపక్కల ఇళ్లల్లోకి వరద వచ్చింది. నేను చూసిన ఒక గదిలో కొత్త సున్నం కింద నడుము ఎత్తున తడి గీత కనిపించింది, వెంటనే వద్దనేశాను.

చివరికి ఎన్ఐటీ ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర దొరికింది. ఎండాకాలం సెలవులకు పిల్లలు ఊళ్లకు పోతే అక్కడ గదులు ఖాళీగా ఉంటాయి, బేరమూ కుదురుతుంది. "నాన్న మెట్లెక్కలేడు కదా బిడ్డా, కింది పోర్షన్ తీసుకో" అంది ఓనరమ్మ. వంటకు 5 కిలోల చిన్న సిలిండర్ తెచ్చుకున్నాం, దానికి అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు.