మామ్మ కాగితాల స్కానింగ్: ఉత్తరాల తీగలు పూర్తి, క్యాసెట్లు సగం

మొత్తానికి ఉత్తరాల తీగల పని అయిపోయింది. మామ్మ 2022 ఎండాకాలంలో పోయింది. ఆ తర్వాత ఒడిశా బరంపురంలో మా ఇంటి అటక మీంచి దించిన సామానులో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టినవి ఇవే. పూర్వం వచ్చిన ప్రతి కార్డునీ కొక్కెం తీగకి గుచ్చి గోడకి వేలాడదీసేవారు కదా, అవి తుప్పు పట్టి కార్డులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. పైనుంచి లాగితే చిల్లు దగ్గర చిరుగుతాయి. అందుకని అడుగున ఉన్న చెక్క బిళ్ల పక్కనే కటింగ్ ప్లయర్‌తో తీగ కోసి, కార్డుల్ని కింద నుంచి ఒక్కొక్కటిగా జారనిచ్చాను. ఇలా చేస్తే అన్నిటికంటే పాతది ముందు చేతికొస్తుంది, వరస చెడదు. తీయగానే మూలన మెత్తని పెన్సిల్‌తో నంబరు వేశాను. బాల్‌పెన్ మాత్రం వద్దు, వెనక్కి అచ్చు పడుతుంది. తుప్పు మరకలు రుద్దకండి, పోవు, కాగితమే పోతుంది.

కార్డులు రెండు వైపులా కలర్‌లో 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అనే లెక్క) చాలు. నలుపు-తెలుపు మోడ్‌లో చేస్తే వెలిసిపోయిన సిరా, తపాలా ముద్ర రెండూ కనిపించకుండా పోతాయి. ముద్ర మీద తేదీ చదవలేకపోతే గదిలో లైటు ఆపేసి పక్కనుంచి టార్చి వేసి చూడండి, చాలాసార్లు ఏడాది అయినా దొరుకుతుంది. అదీ దొరక్కపోతే కార్డు మీద అచ్చయిన వెల చూడాలి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందు అచ్చయింది, నయా పైసలు అంటే అక్కణ్ణించి 1964 లోపు. అడ్రసులో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతే. ఇంట్లో మిగిలిన పాత కార్డుల్ని తర్వాత కూడా వాడేవారు కాబట్టి ముద్ర కనిపించినప్పుడు ముద్రనే నమ్మండి.

ఇక వాటిలో ఏముందంటే, ఒక్కటి కూడా మామ్మకి రాసింది కాదు. అన్నీ తాతయ్య పేరు మీదే. సోంపేట నుంచి, పలాస నుంచి, టెక్కలి నుంచి, దాదాపు అన్నిటిలోనూ ఒకటే మాట: ఫలానా రోజు పాసింజరులో వస్తున్నాం, ఇద్దరం, ముగ్గురం, పిల్లవాడికి ఒంట్లో బాగాలేదు, పెద్దాసుపత్రిలో చూపించాలి, ఇంట్లో వారికి చెప్పగలరు. ఆ "ఇంట్లో వారు" మామ్మ. 1962లో ఇక్కడ మెడికల్ కాలేజీ వచ్చాక ఈ కార్డులు బాగా పెరిగాయి. అంతకుముందు ఇక్కడి కల్లికోట కాలేజీలో చదివే కుర్రాళ్లు మా ఇంట్లో ఉండేవారు, తర్వాత రోగులూ వాళ్లతో వచ్చినవాళ్లూ. ఊరి అమ్మవారి ఠాకురాణి జాత్ర జరిగే ఏడాదైతే లెక్కే లేదు, వరండాలో కూడా చాపలే. ఒకాయన అడ్రసులో మా జిల్లా పేరు గంజాం అని రాయకుండా బరంపురం అని మాత్రం రాస్తే ఆ కార్డు బెంగాల్ బరంపురం వెళ్లి వచ్చింది. ఇక్కడికి చేరేసరికి ఆయన వచ్చి, నాలుగు రోజులుండి, తిని వెళ్లిపోయాడు కూడా. ముందు కబురు లేకపోయినా మా ఇంట్లో ఎవరికీ ఏ తేడా పడలేదన్నమాట.

సరుకుల చిట్టా పుస్తకం ఒకటి దొరికింది. నేను తేదీల వారీగా కార్డుల పక్కన పెట్టి చూస్తున్నాను. చుట్టాలు దిగిన వారంలో బియ్యం, కందిపప్పు, చింతపండు పద్దులు రెండోసారి కనిపిస్తాయి. పాత పేజీల్లో కొలతలు కుంచాలు, అడ్డల్లో ఉంటాయి. మాకు కుంచం అంటే రెండు అడ్డలు, అడ్డకి రెండు మానికలు, మానికకి రెండు తవ్వలు, తవ్వకి రెండు సోలలు. ఇది చిన్నవాళ్ల కోసం ఎక్సెల్ షీట్‌లో ఒక పక్కన రాసి పెట్టాను. నా మటుకు మామ్మ జీవితచరిత్ర అంటే ఈ చిట్టాయే. మా బాబాయి ఒప్పుకోడు, పప్పు లెక్కలు ఎవరికి కావాలంటాడు.

మామ్మ పుట్టిన ఏడాది సంగతి తేలింది. ఆధార్‌లో 1935 జనవరి 1 అని ఉంది, అందరి పెద్దవాళ్లకీ ఉన్నట్టే. ఇంట్లో మాత్రం ప్రజోత్పత్తి నామ సంవత్సరం, కార్తీకమాసం అనేవారు. తెలుగు ఏళ్ల వరసలో మొదటిదైన ప్రభవ 1927 ఉగాదితో మొదలైంది, ప్రజోత్పత్తి ఐదోది, కాబట్టి 1931 నవంబరు, డిసెంబరు మధ్య. మీరూ ఇలా లెక్క కట్టేటప్పుడు ఒక జాగ్రత్త: జనవరి నుంచి ఉగాది దాకా పుట్టినవాళ్లకి ఇంగ్లీషు ఏడాది ఒకటి కలపాలి. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం. నాలుగేళ్ల పిల్లగా ఉండగా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి బరంపురం అటు వెళ్లింది, ఇచ్ఛాపురం మద్రాసులోనే ఉండిపోయింది. శుభలేఖలో వ్యయ నామ సంవత్సరం వైశాఖం అని ఉంది, అంటే 1946 మే. అలా ఇరవై అయిదు కిలోమీటర్ల దూరానికి వేరే రాష్ట్రం కోడలైంది. ఒడియా ఇక్కడికొచ్చాకే నేర్చుకుంది, అదీ పెరటి గోడ మీంచి. వీధిలో ఒడియా వాళ్లందరికీ మావుసీ, అంటే పిన్ని. వాళ్లింటి దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) ఇటు, మా తరవాణి, పనసపొట్టు ఆవకూర అటు. 2013 ఫైలిన్ తుఫాను రాత్రి రేకుల ఇళ్లవాళ్లంతా మా హాల్లోనే ఉన్నారు. అప్పటికి ఎనభై దాటింది, అయినా కట్టెల పొయ్యి తనే వెలిగించింది.

ఫొటోల పని త్వరగానే అయింది, ఎందుకంటే మామ్మ ఉన్నవి తక్కువ. వచ్చినవాళ్లంతా ఉన్నారు, వండినావిడ లేదు. మామూలు సైజువి 600 డీపీఐ, పాస్‌పోర్టు సైజువి 1200. ఫ్రేము అద్దానికి అంటుకుపోయినవాటిని పీకొద్దు, అద్దంతో సహా స్కానర్ మీద పెట్టెయ్యండి. జిగురు పేజీల ఆల్బమ్ అయితే పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం ఫొటో కిందుగా మెల్లగా లాగితే ఊడొస్తుంది. గోపాలపురం సముద్రం దగ్గర కాబట్టి మా ఊళ్లో బూజు ఎక్కువ, డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలు వేసి తరచూ మారుస్తున్నాను.

క్యాసెట్లు సగంలో ఉన్నాయి. ముందుగా ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడే ప్లే చెయ్యాలి, లేకపోతే టేపు అతుక్కుని తెగే ప్రమాదం ఉంది. ప్లేయర్ నుంచి ల్యాప్‌టాప్‌కి లైన్-ఇన్, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు, శబ్దం ఎక్కువైన చోట కూడా అందులోని మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వను. అత్త పెళ్లి క్యాసెట్‌లో మంగళహారతి పాట మధ్యలో వెనకనుంచి మామ్మ గొంతు వినిపిస్తుంది: "ఎవరే వచ్చింది, కాళ్లకి నీళ్లిచ్చారా?" ఎడిటింగ్ తెలిసిన తమ్ముడు ఆ గోలంతా తీసేసి పాట శుభ్రంగా ఇస్తానన్నాడు. వద్దన్నాను. పాట ఎవరైనా పాడతారు.

దసరా తర్వాత పర్లాకిమిడి వెళ్లాలి. అత్త దగ్గర ఒక ట్రంకు పెట్టె ఉంది, కాగితాలు గుమ్మం దాటవని ముందే చెప్పేసింది, కాబట్టి స్కానర్‌నే బస్సులో తీసుకెళ్లాలి. వోల్టేజి సరిగా ఉండదు, చిన్న స్టెబిలైజర్ కూడా.