చెవి కింది గడ్డకు ఆపరేషన్‌కు ముందు చేయవలసిన పరీక్షలు

శ్రీకాకుళం, అనకాపల్లి వైపు నుంచి విశాఖపట్నం వచ్చే రోగులలో, చెవి కింద ఏళ్ల తరబడి నొప్పి లేకుండా పెరిగిన గడ్డ ఉన్నవారు పాథాలజిస్టునైన నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సూది గుచ్చితే గడ్డ ముదిరిపోదా డాక్టరమ్మా?" ఎఫ్‌.ఎన్‌.ఎ.సి. (సన్నని సూదితో కణాలు లాగి చేసే పరీక్ష)కి వాడే సూది వెంట కణితి కణాలు నాటుకోవడం అత్యంత అరుదు. భయపడవలసింది చెవి ముందు, కింద ఉండే లాలాజల గ్రంథి అయిన పరోటిడ్ గ్రంథిని కోసి ముక్క తీయడానికి. క్యాన్సర్ కాని కణితి అయిన ప్లియోమార్ఫిక్ అడినోమా పైపొర చిట్లి లోపలి పదార్థం చెదిరితే, అది కొన్నేళ్ల తర్వాత అనేక చిన్న గడ్డలుగా తిరిగి రావచ్చు. ఆ గ్రంథి గుండా సాగే ముఖనాడి కూడా దెబ్బతినవచ్చు.

లాలాజల గ్రంథుల కణితులలో సుమారు 80 శాతం పరోటిడ్‌లోనే వస్తాయి, వాటిలోనూ అత్యధికం క్యాన్సర్ కానివే. గ్రంథి చిన్నదయ్యేకొద్దీ క్యాన్సర్ అనుమానం పెరుగుతుంది.

సూదితో తీసిన కణాలకు గీంసా అనే రంగు వేసిన స్లైడులో ప్లియోమార్ఫిక్ అడినోమా పదార్థం ముదురు గులాబీ రంగులో, అంచులు విడిపోయిన దూదిపింజలా పీచుపీచుగా కనిపిస్తుంది, కణాలు అందులో కూరుకుపోయి ఉంటాయి. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే క్యాన్సర్‌లో అదే రంగు పదార్థం గుండ్రంగా, స్పష్టమైన అంచులతో, చుట్టూ కణాలతో ఉంటుంది. అయితే క్యాన్సర్ కాని బేసల్ సెల్ అడినోమాలోనూ దాదాపు ఇటువంటి రూపమే కనబడవచ్చు కనుక, 2018లో వెలువడిన, లాలాజల గ్రంథుల సూది పరీక్ష ఫలితాలను వర్గీకరించే మిలాన్ పద్ధతి అటువంటి వాటిని "స్వభావం తేల్చలేని కణితి" అనే ప్రత్యేక వర్గంలో ఉంచింది. ఈ మాటను పరీక్ష విఫలమైనట్టుగా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆపరేషన్ జరుగుతుండగానే ముక్కను గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ సెక్షన్‌కు ఏర్పాటు చేసుకోవాలనీ, ఆపరేషన్ పరిధి పెరగవచ్చని రోగికి ముందే చెప్పాలనీ సర్జన్‌కు అది తెలియజేస్తుంది.

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కోర్ బయాప్సీ (లావు సూదితో సన్నని ముక్క తీయడం) చేస్తే కణజాలం అమరిక చెదరకుండా దొరుకుతుంది. అందువల్ల ఎఫ్‌.ఎన్‌.ఎ.సి. కంటే క్యాన్సర్‌ను ఎక్కువగా పట్టుకుంటుంది, లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అనుమానం ఉన్నప్పుడు మరీ ఉపయోగం. సూది లావుది కావడం వల్ల లోపల రక్తం చేరి గడ్డలా వాచే ఇబ్బంది కొంత ఉంటుంది కాబట్టి, మొదటి పరీక్షగా నేను దీనిని సూచించను.

దవడ ఎముక వెనుక దాగిన లోతైన భాగం అల్ట్రాసౌండ్‌కు సరిగా అందదు. దానికి ఎం.ఆర్‌.ఐ. కావాలి, ముఖం ఒక పక్క బలహీనపడితే, కణితి నాడి వెంట పాకిందేమో చూడడానికి తప్పనిసరి.

మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట మండే కొసను నోటిలో పెట్టుకోవడం) తాగే స్త్రీల అంగిలి మీద వచ్చే వాపును చుట్ట వల్లనే అనుకోవడం పరిపాటి. పైచర్మం చెక్కుచెదరకుండా, నున్నగా ఉన్న వాపు అయితే అక్కడి చిన్న లాలాజల గ్రంథుల కణితిని కూడా అనుమానించాలి. అంగిలి విషయంలో మాత్రం చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. ఆ కోత పడే చోటు తరువాతి ఆపరేషన్‌లో తొలగించే భాగంలోనే ఉండేలా సర్జన్ ముందే నిర్ణయించుకోవాలి.