తప్పు తగలాల్సింది ఆలస్యంగానే

నల్లగొండ, పాలమూరు నుంచి అమెరికా వెళ్లి, సిస్టమ్స్ ఇంజనీర్ల (పెద్ద ప్రాజెక్టులో భాగాలన్నీ కలిసి పనిచేసేలా చూసేవాళ్ల) శిక్షణకు, కంప్యూటర్‌లో నిజం ప్రాజెక్టులా ఆడించే సిమ్యులేషన్లు తయారుచేసే పనిలో చేరినవాళ్లకు మొదటి అడ్డం గణితం కాదు, వీసా. అక్కడ రక్షణ రంగం ప్రాజెక్టులుంటాయి. ఆయుధాల ఎగుమతి మీద అమెరికా పెట్టిన ఐటార్ నిబంధనల ప్రకారం ఆయుధ వ్యవస్థల సాంకేతిక సమాచారం అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు చూడొచ్చు. హెచ్1బి మీద ఉన్నవాళ్లకు లైసెన్సు లేనిదే ఆ ఫైళ్లు తెరవరు. అందుకే మోడల్, అంటే ప్రాజెక్టు ఎలా నడుస్తుందో లెక్కగట్టే భాగం ఒకచోట, అసలు అంకెలు వేరేచోట ఉండేలా మొదటిరోజే విడదీసుకోవాలి. మోడల్‌ను ఎవరి అనుమతీ అక్కర్లేని ఉదాహరణ మీద పరీక్షించుకోవాలి.

ఆ ఉదాహరణ మన దగ్గరే ఉంది. సాగర్ వెనక పుట్టంగండిలో నాలుగు పంపులు, ఒక్కోటి 600 క్యూసెక్కులు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. అంటే నాలుగూ ఆగకుండా నడిచినా టీఎంసీకి దాదాపు ఐదు రోజులు. పంపు ఆన్ చేయంగనే పొలం తడవదని ఆయకట్టు చివరి రైతుకు ఒకరు చెప్పే పనిలేదు. కొత్త ఇంజనీరుకు మాత్రం అదే నేర్పాలి.

ప్రాజెక్టును మూడు చెరువులనుకోండి: మిగిలిన పని, అయిన పని, బయటపడని లోపాలు. నాణ్యత 0.8 అని పెడితే ప్రతి 100 పనుల్లో 20 మూడో చెరువులోకి జారతాయి. నాలుగు నెలలకు టెస్టింగ్‌లో తేలి మళ్లీ మొదటి చెరువులో పడతాయి. అందాకా రిపోర్టులో మాత్రం 100 అయినట్టే కనబడాలి. ఆటలోని సప్లయర్ పాత్ర 90 శాతం అయిందనే చెప్పాలి. మన సైట్లలో వినే ‘అయిపోతది సార్’ కూడా ఇదే సరుకు. చాలామంది నిజంగా ఎంత పని అయిందో ఆ అంకెను తెరమీద పెట్టేస్తారు. అప్పుడది వీడియో గేమ్ అవుతుంది, శిక్షణ కాదు.

పని వెనకబడితే మనుషుల్ని పెంచే మీట కూడా ఇవ్వండి. కొత్తవాళ్లు మూడు నెలలు సగం పనే చేస్తారని, వాళ్లకు నేర్పడానికి పాతవాళ్ల టైమ్‌లో కొంత పోతుందని మోడల్‌లో రాయండి. మీట నొక్కిన నెలలోనే వేగం తగ్గడం నేర్చుకునేవాళ్లకు కనబడాలి.

లెక్కలో తరచూ తప్పేది కాలపు అడుగు, అంటే మోడల్ ఒక్కో లెక్కకు ముందుకు జరిగే సమయం. మోడల్‌లోని అతి చిన్న ఆలస్యంలో అది నాలుగో వంతు దాటకూడదు. అడుగును సగం చేసి మళ్లీ నడిపినప్పుడు ఫలితం మారిందంటే, ఊగుతున్నది ప్రాజెక్టు కాదు, మీ లెక్క. యాదృచ్ఛిక సంఖ్యల సీడ్ (ఆటలో అనుకోకుండా జరిగేవాటిని నిర్ణయించే మొదటి అంకె) అందరికీ ఒకటే ఇవ్వాలి, లేకుంటే ఓడినవాళ్లు అదృష్టం మీదికి తోసేస్తారు. వెనక్కి వెళ్లి మళ్లీ ఆడే వీలు మొదటిసారి ఇవ్వొద్దు.

ఆట గంటన్నర అయితే చర్చకు కనీసం గంట ఉంచాలి. రిపోర్టులో అయిన పని, నిజంగా అయిన పని అనే రెండు గీతలను అప్పుడే మొదటిసారి చూపాలి. అవి ఏ నెలలో విడిపోయాయో, ఆ నెలలో ఎవరు ఏం నిర్ణయించారో లాగ్‌లోంచి తీసి ముందు పెట్టాలి. కాబట్టి నొక్కిన ప్రతి మీటనూ తేదీతో సహా రాసిపెట్టే కోడ్‌ను గ్రాఫిక్స్ కంటే ముందే పూర్తిచేయండి.