ఇంటి రౌటర్ వెనుక నెట్‌వర్క్ బూట్: మూడు సాయంత్రాల చిట్టా

యూఎస్‌బీ పోర్టులన్నీ పాడైపోయిన ఒక పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నెట్‌వర్క్ ద్వారానే ఎక్కించాలని పూనుకున్నాను. యంత్రం మొదలవడానికి కావలసిన బూట్ ఫైళ్లు అందించే పనిని 192.168.1.10 చిరునామాలో నిత్యం నడిచే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు అప్పగించి, రెండింటినీ ల్యాన్ కేబుళ్లతో రౌటర్‌కు కలిపాను.

మొదటి సాయంత్రం పీఎక్స్ఈ (నెట్‌వర్క్ ద్వారా బూట్ చేసే పద్ధతి) చూపే పీఎక్స్ఈ-ఈ53 అనే లోపం సందేశం తప్ప తెర మీద మరేమీ రాలేదు. చిరునామా దొరికింది గాని బూట్ ఫైలు పేరు అందలేదని దాని అర్థం. సర్వర్ పేరును డీహెచ్‌సీపీలోని (యంత్రాలకు చిరునామాలు పంచే పద్ధతిలోని) 66వ ఆప్షన్, ఫైలు పేరును 67వ ఆప్షన్ తెలియజేస్తాయి. మా రౌటర్ సెట్టింగుల్లో ఆ రెండింటికీ చోటే లేదు. రౌటర్‌లోని డీహెచ్‌సీపీని ఆపి ఆ పని బోర్డు చేత చేయించవచ్చు గాని, బోర్డు ఆగిపోయిన రోజున ఇంట్లోని ఫోన్లకు చిరునామాలిచ్చే దిక్కుండదు. అందువల్ల బోర్డు మీద డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామును ప్రాక్సీ పద్ధతిలో నడిపాను. చిరునామాల శ్రేణి రాయవలసిన చోట 192.168.1.0 అని రాసి, దాని పక్కన ప్రాక్సీ అనే మాట చేరిస్తే, చిరునామాలు పంచే పని రౌటర్‌కే వదిలి, లోపించిన బూట్ వివరాలను మాత్రమే అది అందిస్తుంది.

రెండవ సాయంత్రం సందేశం పీఎక్స్ఈ-ఈ32గా మారింది, అంటే ఫైలు పేరు చేరింది గాని ఫైళ్లను పంపే టీఎఫ్‌టీపీ సర్వర్ బదులివ్వలేదు. ఇక్కడ ఊహలతో సమయం గడపకుండా నెట్‌వర్క్‌లో వచ్చిపోయే సమాచారాన్ని చూపే టీసీపీడంప్ నడపడమే సరైన పని అని నా అభిప్రాయం. టీఎఫ్‌టీపీ వాడే యూడీపీ 69వ పోర్టుకు అభ్యర్థనలు వస్తూనే ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కటీ వెళ్లడం లేదు. బోర్డులోని ఫైర్‌వాల్‌లో 67, 4011 పోర్టులను తెరిచిన నేను 69ని మరిచిపోయాను. దానిని తెరిచిన వెంటనే ఇన్‌స్టాలర్ మెనూ కనిపించింది; ఆ నీలి తెరను చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మూడవ సాయంత్రం యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త బూట్ వ్యవస్థ) ఉన్న డెస్క్‌టాప్‌తో ప్రయత్నించగా, పాత బయోస్ కోసం పెట్టిన ఫైలే దానికీ వెళ్లి బూట్ ఆగిపోయింది. యంత్రం తన రకాన్ని 93వ ఆప్షన్‌లో చెబుతుంది: బయోస్‌కు 0, 64 బిట్ల యూఈఎఫ్ఐకి సాధారణంగా 7. అయితే 2006లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 4578 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో ఈ రెండవదానికి 9 అని ఉండటంతో, ఏది వచ్చినా సరిపోయేలా రెండు అంకెలకూ ఒకే యూఈఎఫ్ఐ ఫైలును కేటాయించాను. ఇప్పుడు రెండు యంత్రాలూ ఒకే బోర్డు నుంచి బూట్ అవుతున్నాయి. ఇన్‌స్టాలర్ మొదలయ్యాక మిగిలిన ప్యాకేజీలు రౌటర్ మీదుగా డెబియన్ మిర్రర్ (ప్యాకేజీల నకళ్లు ఉంచే సర్వర్) నుంచి నేరుగా వస్తున్నాయి.